జపాన్ 103 శ్రేణి రైలు కిట్: కోయడం నుంచి పరుగు దాకా ఎలా చేయాలి

పట్టాల మీద పెట్టగానే పరుగెత్తే నమూనా రైళ్లు కాటో, టోమిక్స్ వంటి జపాన్ కంపెనీల నుంచి ఎన్నో వస్తున్నాయి. రంగులు, దీపాలు అన్నీ వాటిలో సిద్ధంగా ఉంటాయి. అయినా రంగు లేని ప్లాస్టిక్ పలకలు కొని, కోసి, అతికి, రంగు వేసి బండిని తామే తయారు చేసుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. జపాన్‌కే చెందిన గ్రీన్‌మ్యాక్స్ కంపెనీ కిట్లు వాళ్లకు బాగా పరిచయం. దుకాణంలో దొరకని మార్గపు బండి, దొరకని కాలపు బండి కావాలంటే ఇదే దారి. మన చేతిలో పెట్టె రూపు కట్టడం చూసే ఆనందం సరేసరి.

ఈ పనికి గొప్ప పనితనం అక్కర్లేదు, క్రమం కావాలి. ముందు మొత్తం అతికేసి తరువాత మొత్తానికి రంగు వేద్దామనుకుంటే కిట్ పాడవుతుంది. కొన్ని భాగాలను అతికాకే రంగు వేయాలి, కొన్నిటికి రంగు వేశాకే అతకాలి, అద్దాలు దాదాపు అన్నిటికన్నా చివర రావాలి. ఆ క్రమాన్నే ఇక్కడ వివరిస్తాను. ఉదాహరణకు జపాన్ జాతీయ రైల్వే 103 శ్రేణి నాలుగు పెట్టెల బండిని తీసుకుందాం. బండి అంతా ఒకే రంగు కాబట్టి మొదటి కిట్‌కు ఇంతకన్నా మంచి ఎంపిక నాకు తోచదు.

జిగురు ముట్టకముందే బండిని నిర్ణయించుకోండి

103 శ్రేణి 1963లో మొదలై 1984 దాకా తయారైంది. మొత్తం 3,447 పెట్టెలు. ఇరవై ఏళ్లు ఒకే పేరుతో తయారైనవి ఒకేలా ఉండవు. తొలి బండ్లకు ఏసీ లేదు, కప్పు మీద వరుసగా గాలి మూతలు మాత్రమే ఉంటాయి. నుదుటి మీద ఒకే పెద్ద దీపం. 1970లలో ఏసీతో తయారైన వాటికి కప్పు నడుమ ఏయూ75 అనే పెద్ద యంత్రం, నుదుట రెండు చిన్న దీపాలు వచ్చాయి. 1974 నుంచి ఏటీసీ అనే, బండి వేగాన్ని తానే అదుపు చేసే భద్రతా పరికరాలతో వచ్చిన బండ్లలో డ్రైవరు గది ఎత్తు పెరిగి, ముందు కిటికీల కింద స్టెయిన్‌లెస్ పట్టీ చేరింది. వీటికి తోడు, ఏసీ లేకుండా పుట్టి తరువాత ఏసీ పెట్టించుకున్న పాత బండ్లూ ఉన్నాయి. కిట్ పెట్టెలో ఒక్కోసారి రెండు మూడు రకాల ముందు పలకలు, కప్పు భాగాలు కలిపి ఇస్తారు. ఏది మీ బండిదో తెలియకుండా ఒక్క భాగాన్ని కూడా, భాగాలన్నీ అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రం నుంచి కోయకండి.

రంగు మార్గాన్ని బట్టి ఉంటుంది. టోక్యోలో చువో వేగ మార్గానికి నారింజ, యమనోతె మార్గానికి చిగురాకు పచ్చ, కెయిహిన్-తోహొకు మార్గానికి ఆకాశ నీలం, సోబు లోకల్‌కు పసుపు, జోబన్ వేగ మార్గానికి మరకత పచ్చ. రైల్వే రంగుల పట్టికలో ఇవి వరుసగా శుయిరో 1, కిమిడొరి 6, ఆవో 22, కి 5, ఆవోమిడొరి 1. జపాన్ రైలు రంగుల సీసాల మీద తరచు ఈ పేర్లే కనిపిస్తాయి కాబట్టి గుర్తుంచుకోవడం మంచిది. కళ్లతో చూసి నారింజ కలుపుకుందామనుకుంటే అది చువో బండి నారింజ కాకుండా పోతుంది. ఒసాకా లూప్ మార్గంలో నారింజ 103 శ్రేణి 2017 అక్టోబరు దాకా నడిచింది. కోబెలోని వదామిసాకి మార్గంలో ఆకాశ నీలం బండి 2023 మార్చిలో గాని సెలవు తీసుకోలేదు. క్యోటో రైల్వే మ్యూజియంలో కుహా 103 శ్రేణి మొట్టమొదటి పెట్టె నారింజ రంగులో నిలబడి ఉంది. కాబట్టి స్పష్టమైన రంగు ఫోటోలకు కొదవ లేదు.

ఒక మార్గం, ఒక దశాబ్దం ఎంచుకుని, ముందు వైపు, పక్క, కప్పు కనిపించే ఫోటోలు మూడు నాలుగు అచ్చు తీసి బల్ల మీద పెట్టుకోండి. పెట్టెల పేర్లు కూడా అర్థం చేసుకోవాలి. కుహా అంటే డ్రైవరు గది ఉండి మోటారు లేని పెట్టె, మోహా అంటే మోటారు ఉన్నది, సాహా అంటే ఈ రెండూ లేనిది. మన నాలుగు పెట్టెల బండి కుహా 103, మోహా 103, మోహా 102, కుహా 103 వరుసలో ఉంటుంది. పై తీగ నుంచి కరెంటు అందుకునే పాంటోగ్రాఫ్ మోహా 103 మీదే ఉంటుంది, మోహా 102కు ఉండదు. రెండు మోహాల కప్పులూ ఒకలాగే చేసేయడం కొత్తవాళ్ల కిట్లలో నేను తరచు చూసే పొరపాటు.

కిట్‌లో రానివి

కిట్ ధర తక్కువగా కనిపించడానికి ఒక కారణం ఉంది. చాలా కిట్లలో చక్రాలు, వాటిని పట్టి ఉంచే చక్రాల ట్రక్కులు, పాంటోగ్రాఫ్, మోటారు యూనిట్, బండి నంబర్ల అక్షరాలు విడిగా కొనుక్కోవాలి. ఏ ట్రక్కు కొనాలో కిట్ కాగితం మీదే రాసి ఉంటుంది. 103 శ్రేణి మోటారు పెట్టెలకు డీటీ33 రకం. నాలుగు పెట్టెల బండిని లాగడానికి ఒక మోటారు యూనిట్ చాలు, దాన్ని మోహాలలో ఒకదానికి పెట్టండి.

పనిముట్లు ఎక్కువ అక్కర్లేదు. ప్లాస్టిక్ కోసే పదునైన కట్టర్, బ్లేడు కత్తి, 400 నుంచి 1500 దాకా ఉప్పు కాగితాలు, సన్న ఆకురాయి, మొన పట్టకారు, చిన్న ఉక్కు మూలమట్టం, చేతితో తిప్పే సన్న డ్రిల్లు, మాస్కింగ్ టేపు. వీటిలో మూలమట్టాన్ని చాలామంది కొనరు. నా దృష్టిలో ఎయిర్‌బ్రష్ లేకపోయినా బండి బాగా వస్తుంది, మూలమట్టం లేకపోతే రాదు.

భారతదేశంలో ఉన్నవాళ్లు రంగుల సంగతి ముందే చూసుకోవాలి. స్ప్రే డబ్బాలను, మండే స్వభావం గల రంగులను, థిన్నర్‌ను జపాన్ తపాలా శాఖ విమానంలో పంపదు. కిట్ అక్కడి నుంచి తెప్పించుకున్నా రంగులు ఇక్కడి హాబీ దుకాణాల్లో కొనుక్కోవాలి. అసలు రైలు రంగు సీసా దొరక్కపోతే మామూలు హాబీ లాకర్ (త్వరగా ఆరే, ఘాటైన థిన్నర్‌తో కలిపే) రంగులను ఫోటోతో పోల్చుకుంటూ కలపండి, నాలుగు పెట్టెలకూ సరిపడా ఒకేసారి కలపండి. సగంలో అయిపోతే రెండోసారి అదే రంగు రాదు.

కడగడం, కోయడం

అచ్చు నుంచి ప్లాస్టిక్ ఊడిరావడానికి వాడే నూనె భాగాల మీద మిగిలిపోతుంది. దాని మీద రంగు నిలవదు. చట్రంతో సహా గోరువెచ్చని నీళ్లలో ఒక చుక్క గిన్నెల సబ్బు వేసి మెత్తటి బ్రష్‌తో కడిగి ఆరనివ్వండి. నీళ్లు మరీ వేడిగా ఉంటే పలకలు వంకరపోతాయి.

ప్రతి భాగాన్నీ రెండు కోతల్లో తీయాలి. మొదటి కోత భాగానికి దూరంగా, చట్రం వైపు వేయండి. రెండో కోతలో ఒక అర మిల్లీమీటరు మొలకను మిగల్చండి. ఆ మొలకను బ్లేడుతో పలుచగా చెక్కి, చివరికి ఉప్పు కాగితంతో సమం చేయండి. భాగానికి ఆనించి ఒకే కోతలో తెంచితే ప్లాస్టిక్ లోపలికి చిరిగి తెల్లటి గుంట పడుతుంది. పక్క గోడల అంచుల్లో ఆ గుంట పడితే అతుకులో సందుగా బయటపడుతుంది.

పెట్టెను అతకడం

కిట్లు రెండు రకాలు. కొన్నిటిలో బాడీ ఒకే ముక్కగా వస్తుంది. వాటికి ఈ భాగం పెద్దగా అవసరం లేదు. మిగతావి పలకల కిట్లు: రెండు పక్క గోడలు, రెండు చివరి పలకలు, కప్పు, అడుగు పలక విడివిడిగా వస్తాయి. 20 మీటర్ల అసలు పెట్టె 1:150 నిష్పత్తిలో 133 మిల్లీమీటర్లు అవుతుంది. ఇంత సన్న పొడుగు డబ్బాలో ఒక మూల కొంచెం తేడా వచ్చినా రెండో చివర కప్పు కూర్చోదు. అందుకే నాలుగు గోడలనూ ఒకేసారి నిలబెట్టడానికి ప్రయత్నించకండి.

మొదట ఒక పక్క గోడను, ఒక చివరి పలకను తీసుకుని మూలమట్టానికి ఆనించి లంబంగా అతకండి. మిగిలిన పక్క గోడకు రెండో చివరి పలకను అలాగే అతకండి. ఇప్పుడు చేతిలో రెండు మూల ముక్కలు ఉంటాయి. వాటిని ఒక రాత్రి వదిలేయండి. మరునాడు ఆ రెండిటినీ ఎదురెదురుగా పెట్టి, అడుగు పలకను లోపల ఉంచి, కప్పును పైన ఊరికే ఆనించి, నాలుగు మూలలూ సరిగ్గా కూర్చుంటున్నాయని చూశాక అతకండి. అడుగు పలకకు, కప్పుకు ఈ దశలో జిగురు తగలకూడదు. అవి కొలత చూపడానికి మాత్రమే.

జిగురు గురించి వివరంగా చెప్పాలి. ప్లాస్టిక్ సిమెంటు నిజానికి జిగురు కాదు, అది ప్లాస్టిక్‌ను కరిగించి రెండు ముక్కలనూ ఒకటిగా చేస్తుంది. పలుచని సిమెంటు, చిక్కని సిమెంటు రెండూ దగ్గర పెట్టుకోండి. పలుచనిదాన్ని లోపలి వైపు నుంచి సందు మొదట్లో బ్రష్ కొనతో తాకిస్తే చాలు, అదే సందు పొడవునా పాకిపోతుంది. బయటి వైపు నుంచి ఎప్పుడూ వేయకండి. వేలు ఉన్నచోటికి పాకితే వేలిముద్ర గోడ మీద శాశ్వతంగా ఉండిపోతుంది. మూలల్లో గట్టిదనం కోసం ముందు చిక్కనిది కొద్దిగా రాసి అతికి, నిలబడ్డాక లోపల పలుచనిది పారించండి. ముక్కలను కొంచెం నొక్కి పట్టుకుంటే కరిగిన ప్లాస్టిక్ అతుకు వెంట సన్నటి గీతలా పైకి ఉబికి వస్తుంది. దాన్ని తుడవకండి. పూర్తిగా గట్టిపడ్డాక ఉప్పు కాగితంతో రుద్దితే అతుకు కనబడకుండా పోతుంది. గట్టిపడటానికి ఒక రోజు చాలదు, రెండు మూడు రోజులు ఆగితే మంచిది. తొందరపడి రుద్దిన అతుకు తరువాత కుంగి, రంగు వేశాక గీతలా తేలుతుంది.

పక్క గోడలు నడుమ లోపలికి వంగి ఉండటం ఈ కిట్లలో మామూలే. పెట్టె పూర్తయ్యాక అసలు వెడల్పుకు కోసిన ప్లాస్టిక్ పట్టీని గోడల మధ్య అడ్డంగా పెట్టి అతకండి. అది కిటికీల ఎత్తులో ఉండకూడదు. కప్పు కిందకు గాని, అడుగు పలక ఆనే చోటు పైకి గాని రావాలి.

కప్పును ఇప్పుడే అతకాలా, రంగు వేశాక అతకాలా? ఈ విషయంలో చేసేవాళ్లలో రెండు అభిప్రాయాలున్నాయి. రంగు వేశాక అతికితే టేపు పని తప్పుతుంది. కానీ కప్పుకూ గోడకూ మధ్య సన్నటి సందు నల్లగా కనిపిస్తుంది, దాన్ని మూయడానికి వీలుండదు. ఇప్పుడే అతికించమని నా సలహా. కప్పు అంచున సాగే వానగాడిని (వాననీటి గాడిని) చెరపకుండా అతుకును మాత్రమే రుద్దండి. ఏమైనా గుంటలు మిగిలితే నమూనాలకు వాడే సన్న లప్పం పూసి ఆరాక సమం చేయండి.

కప్పు మీది ఏసీ యంత్రాలు, గాలి మూతలు మాత్రం ఇప్పుడు అతకవద్దు. వాటికి విడిగా రంగు వేయాలి. వాటి కోసం కప్పుకు రంధ్రాలు వేయాల్సి ఉంటే అవి ఈ దశలోనే వేసేయండి. రంగు వేసిన కప్పును తొలవడం కష్టం. ముందు పలకకు విడిగా చేతి కడ్డీలు పెట్టాలనుకుంటే 0.3 మిల్లీమీటర్ల ఇత్తడి తీగ సరిపోతుంది, వాటి రంధ్రాలూ ఇప్పుడే. మొదటి కిట్‌కు అచ్చులో వచ్చిన కడ్డీలను అలాగే ఉంచేయండి, చూడటానికి బాగానే ఉంటాయి.

రంగు వేసేముందు

అసలు బండితో పోల్చి ఒక లెక్క వేసుకోండి. నమూనా మీద పూత మందం 0.1 మిల్లీమీటరు అయితే 1:150 నిష్పత్తిలో అది అసలు బండి మీద 15 మిల్లీమీటర్ల పూతతో సమానం. తలుపుల గీతలు, కిటికీ చట్రాలు, వానగాడి అన్నీ ఆ మందం కింద మునిగిపోతాయి. రంగు బాగా పట్టాలని దట్టంగా కొట్టిన బండి బొమ్మలా కనిపించడానికి కారణం ఇదే. రంగు విషయంలో నేను చెప్పే ప్రతి సూచనా ఈ ఒక్క లెక్క నుంచే వస్తుంది.

పెట్టె లోపల మడిచిన అట్టను గట్టిగా ఇరికించి, దానికి ఒక కర్ర గుచ్చి పట్టుకోండి. రంగు వేస్తున్నంతసేపూ బాడీని వేలితో తాకే అవసరం రాకూడదు. తలుపులు తీసిన గది, గాలి బయటికి లాగే ఫ్యాను, రసాయన ఆవిరిని ఆపే ఫిల్టరు ఉన్న మాస్కు తప్పనిసరి. దుమ్మును ఆపే బట్ట మాస్కు లాకర్ ఆవిరిని ఆపదు. స్ప్రే డబ్బాలోని వాయువు మండుతుంది, దగ్గర్లో పొయ్యి గాని దీపం గాని ఉండకూడదు.

వాతావరణం చూసుకోండి. జపాన్‌లో జూన్, జులై వానల్లో లాకర్ పని మానుకుంటారు. తడిగాలిలో పూత పాలిపోయి తెల్లబడుతుంది. మన కోస్తాలో ఆ తడి ఇంకా ఎక్కువ కాలం ఉంటుంది కాబట్టి వాన తెరిపిచ్చిన పొడి రోజు దొరికేదాకా ఆగండి. నడివేసవి మధ్యాహ్నం మరో చిక్కు. రంగు బాడీని చేరకముందే గాలిలో ఆరిపోయి పొడిగా, గరుకుగా పడుతుంది. ఉదయం ఎండ ముదరకముందు వేయడం మేలు. స్ప్రే డబ్బాను 40 డిగ్రీలు దాటే చోట, ముఖ్యంగా మేడ మీద ఎండలో, ఉంచకండి. అది పేలగలదు.

పూతల వరుస

మొదటి పూత ప్రైమర్, అంటే అసలు రంగు బాగా పట్టడానికి కింద వేసే పూత. 1000 లేదా 1200 రకం బూడిద రంగు ప్రైమర్‌ను పలుచగా ఒకసారి కొట్టి, దీపం వెలుతురులో అన్ని వైపులా చూడండి. ప్లాస్టిక్‌గా ఉన్నప్పుడు కనబడని గీతలు, అతుకులు, వేలిముద్రలు అన్నీ ఇక్కడ బయటపడతాయి. వాటిని 1000 ఉప్పు కాగితంతో నీళ్లు పెట్టి రుద్ది, మళ్లీ ప్రైమర్ కొట్టండి. ఈ మలుపు రెండు మూడుసార్లు తిరగవలసి వచ్చినా విసుక్కోకండి. పై రంగు దేనినీ దాచదు.

నారింజ, పసుపు, చిగురాకు పచ్చ కింద తెల్ల ప్రైమర్ వేయాలి. ఈ రంగులకు కింద ఉన్నదాన్ని కప్పే బలం తక్కువ. బూడిద మీద నేరుగా కొడితే నిండు రంగు వచ్చేదాకా కొడుతూనే పోవాలి, అప్పటికి పూత మందమైపోతుంది. ఆకాశ నీలానికి లేత బూడిద సరిపోతుంది.

డబ్బాను గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచి, బాగా ఊపి, ముందు ఒక పాత అట్ట మీద కొట్టి చూడండి. బాడీకి 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరం. మీట నొక్కడం పెట్టెకు బయట మొదలుపెట్టి, చేతిని ఒకే వేగంతో జరిపి, రెండో చివర దాటాక వదలండి. పెట్టె మీద చేయి ఆగితే అక్కడ రంగు కారుతుంది. మొదటి పూతకు కింది తెలుపు కనిపిస్తూ ఉండాలి. అది సరైన పూత, భయపడి మళ్లీ అప్పుడే కొట్టకండి. పది పదిహేను నిమిషాలు ఆగి రెండో పూత, తరువాత మూడోది. చాలా బండ్లకు మూడు నాలుగు పలుచని పూతల్లో రంగు నిండుతుంది. చివరి పలకలను, వానగాడి కింది భాగాన్ని ముందు కొట్టి తరువాత పక్క గోడలు కొట్టండి. వరుస తిరగేస్తే మూలలు పాలిపోయి, గోడలు ముదురుతాయి. నాలుగు పెట్టెలకూ ప్రతి పూతనూ ఒకే విడతలో కొడితే రంగు తేడా రాదు.

రంగు కారితే తడిగా ఉన్నప్పుడు ముట్టకండి. పూర్తిగా ఆరాక 1500 కాగితంతో తడిపి రుద్ది, పలుచగా ఒక పూత వేస్తే సరిపోతుంది. మొత్తం చెడిపోతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నానబెట్టి పాత బ్రష్‌తో తీసేయవచ్చు. కొద్ది గంటలకు మించి నానితే ప్లాస్టిక్ పెళుసుబారుతుంది, మధ్యమధ్యలో తీసి చూస్తూ ఉండండి.

బాడీ రంగు కనీసం ఒకటి రెండు రోజులు ఆరాక గోడలకు టేపు వేసి కప్పుకు ముదురు బూడిద కొట్టండి. ఏసీ యంత్రాలు, గాలి మూతలకు వేరుగా లేత బూడిద వేసి ఆరబెట్టి, కప్పు ఆరాక అతకండి. కప్పుకూ యంత్రానికీ మధ్య ఆ చిన్న ఛాయ తేడా బండికి ప్రాణం పోస్తుంది.

రెండు రంగుల బండి అయితే

103 పూర్తయ్యాక చాలామంది కన్ను షోనాన్ రంగుల మీద పడుతుంది. 1950 మార్చిలో టోక్యో, నుమజు మధ్య మొదలైన 80 శ్రేణితో ఈ రంగులు వచ్చాయి. 113 శ్రేణి వాటిని అలాగే కొనసాగించింది. కిటికీల వెంట నారింజ, పైనా కిందా ఆకుపచ్చ.

ఇక్కడ లేత రంగు ముందు, ముదురు రంగు తరువాత. నారింజ పూర్తిగా వేసి రెండు రోజులు ఆరనిచ్చి, నారింజ మిగలాల్సిన చోటంతా టేపు వేయండి. టేపు చుట్ట అంచు బల్ల దుమ్ముతో చెడి ఉంటుంది. గాజు పలక మీద టేపు అంటించి స్కేలు పెట్టి కొత్త బ్లేడుతో తాజా అంచు కోసుకోండి. ముందు పలక మీద వంపు గీతకు ఒక మిల్లీమీటరు వెడల్పు టేపు పట్టీలు వంచి అంటించి, మిగతా చోటు వెడల్పు టేపుతో కప్పండి. తలుపు గాడుల దగ్గర టేపును పుల్ల మొనతో లోపలికి అదమండి, రంగు పారేది అక్కడే. ఆ తరువాత టేపు అంచు మీద ముందు మళ్లీ నారింజనే పలుచగా కొట్టండి. ఎక్కడైనా సందు ఉంటే నారింజే లోపలికి పారి దాన్ని మూసేస్తుంది, పైన వేసే ఆకుపచ్చకు దారి ఉండదు. ఆకుపచ్చ ఆరీ ఆరనట్టు ఉన్నప్పుడు టేపును వెనక్కి మడిచి బాడీకి ఆనించినట్టుగా నెమ్మదిగా లాగండి. పైకి ఎత్తి లాగితే రంగు పెచ్చుతో సహా వస్తుంది.

కిటికీ చట్రాలు, అక్షరాలు

చిన్న భాగాలకు ఎనామిల్ రంగులు వాడండి. లాకర్ మీద ఎనామిల్ వేయవచ్చు, ఎనామిల్ థిన్నర్ కింది లాకర్‌ను కదిలించదు. తప్పు జరిగితే దూది పుల్లతో తుడిచి మళ్లీ మొదలుపెట్టవచ్చు. కానీ ఎనామిల్ మీద లాకర్‌ను దట్టంగా కొట్టకూడదు, కింది రంగు ముడతలు పడుతుంది. కిటికీల అల్యూమినియం చట్రాలకు వెండి రంగు, అద్దం చుట్టూ రబ్బరుకు ముదురు బూడిద. తలుపులు మీ ఫోటోలో స్టెయిన్‌లెస్‌వా, బాడీ రంగువా చూడండి, 103 శ్రేణిలో రెండూ ఉన్నాయి. తలుపు గాడులకు పలుచని బూడిద ఎనామిల్ పారించి పైన తుడిచేయండి. నలుపు ఈ పరిమాణంలో మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. థిన్నర్‌ను మాత్రం పొదుపుగా వాడండి. రంగు లేని లోపలి ప్లాస్టిక్‌లోకి చేరి నిలిస్తే ఆ భాగం పగుళ్లిస్తుంది.

బండి నంబర్లు రుద్ది అంటించే అక్షరాలుగా దొరుకుతాయి. ఒక్కో నంబరును విడిగా కోసి, సరైన చోట పెట్టి, మాస్కింగ్ టేపుతో నిలిపి, మొన మొద్దుబారిన పుల్లతో తేలికగా రుద్దండి. కాగితాన్ని ఒక మూల నుంచి మెల్లగా లేపి, అక్షరం మొత్తం దిగిందో లేదో చూశాకే పూర్తిగా తీయండి. వంకరగా పడితే టేపు ముక్కను తాకించి లేపేయండి. మీరు ఎంచుకున్న కాలం 1987 ఏప్రిల్ 1కి ముందుదైతే జేఆర్ గుర్తు పెట్టకూడదు. జాతీయ రైల్వేను విడదీసి జేఆర్ కంపెనీలు ఏర్పడింది ఆ రోజునే. తరువాత సగం మెరుపు ఉన్న క్లియర్‌ను (రంగు లేని పారదర్శక పూతను) పలుచగా ఒకటి రెండు పూతలు కొడితే అక్షరాలు స్థిరపడతాయి, బాడీ అంతా ఒకే మెరుపుకు వస్తుంది. ఎనామిల్ ఉన్న చోట ఈ క్లియర్‌ను మంచులా మాత్రమే పడనివ్వండి.

అద్దాలు, చక్రాలు, మొదటి పరుగు

ఇక అద్దాలు. క్లియర్ కొట్టాకే అద్దాలు రావాలి, లేకపోతే అవి మసకబారతాయి. ఇన్‌స్టంట్ జిగురు ఆవిరి కూడా అద్దం మీద తెల్లటి పొర కడుతుంది కాబట్టి దాన్ని ఇక్కడ అసలు వాడవద్దు. ఆరితే పారదర్శకమయ్యే తెల్ల జిగురును అంచుల్లో చుక్కలుగా పెట్టండి. ప్లాస్టిక్ షీటును కోసి అద్దం చేయాల్సిన కిట్ అయితే కోసే ముందు షీటు మీద రక్షణ పొరను తీయకండి.

అడుగు పలకకు, కింది పరికరాలకు ఫోటో చూసి నలుపు లేదా ముదురు బూడిద వేయండి. పరికరాల పెట్టెలకు దిశ ఉంటుంది, కిట్ కాగితంలోని బొమ్మతో ఒక్కొక్కటీ సరిచూడండి. చక్రాల ట్రక్కులు చాలావరకు జారుడు ప్లాస్టిక్‌తో చేస్తారు. వాటికి సిమెంటు పట్టదు, రంగు కూడా గట్టిగా నిలవదు. ఇరుసు తిరిగే గుంటల్లో రంగు పడితే చక్రం బిగుసుకుంటుంది. పాంటోగ్రాఫ్‌ను అన్నిటికన్నా చివర అమర్చండి, దానంత సులువుగా విరిగేది మరొకటి లేదు.

మోటారు లేని పెట్టెలు తేలికగా ఉంటే వంపుల్లో పట్టా తప్పుతాయి. సన్నటి ఇనుప రేకు గాని సీసపు ముక్కలు గాని అడుగు పలక మీద నడిమికి, వీలైనంత కిందకు అంటించండి. సీసం ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి. తరువాత ఒక్కో పెట్టెనూ చేత్తో తోసి చూడండి. సమతలం మీద నాలుగు చక్రాల జతలూ తిరగాలి, పెట్టె ఊగకూడదు. పెట్టెలు కలిపి 280 మిల్లీమీటర్ల వ్యాసార్థం ఉన్న టోమిక్స్ వంపు మీద, లేదా 282 మిల్లీమీటర్ల కాటో వంపు మీద, నెమ్మదిగా నడపండి. ట్రక్కు కింది పరికరాలకు తగిలితే ఆ పరికరం లోపలి మూలను కొద్దిగా చెక్కండి. పెట్టెల మధ్య ఎడం మరీ ఎక్కువగా కనిపిస్తే వాటిని కలిపే కప్లింగ్ మార్చుకోవచ్చు, కానీ ఆ వంపును దాటుతుందో లేదో మళ్లీ పరీక్షించండి.

పరుగు బాగుందని బండిని అదే రోజు స్పాంజి పెట్టెలో సర్దకండి. పైకి ఆరినట్టు కనిపించే లాకర్ లోపల ఇంకా మెత్తగానే ఉంటుంది, స్పాంజి ఆనిన చోట గుర్తులు పడతాయి. రెండు వారాలు దుమ్ము పడకుండా మూత కింద నిలబెట్టి ఉంచి, ఆ తరువాత ఒక్కో పెట్టెను పలుచని ప్లాస్టిక్ కాగితంలో చుట్టి సర్దండి.